కేక ఆగాక వినిపించేది: లూమినీర్స్ ఇరవై ఏళ్ల దారి

బార్‌లో పాడేవాళ్లకు పెద్ద పోటీ గదిలోని గోలే. గ్లాసుల చప్పుడు, కబుర్లు, తలుపు తెరిచినప్పుడల్లా లోపలికి జొరబడే రోడ్డు రొద. పాట కోసం వచ్చినవాళ్లు పదిమంది ఉంటే, అక్కడ పాట ఉంటుందని తెలియకుండా వచ్చినవాళ్లు యాభైమంది ఉంటారు. న్యూయార్క్‌లో ఇలాంటి రాత్రులు లెక్కలేనన్ని గడిపిన వెస్లీ షుల్ట్జ్, జెరమయా ఫ్రేట్స్ చివరికి ఒక ఉపాయం పట్టారు. ప్రతి పాదానికీ ముందొక కేక, వెనకొక కేక. ‘హో’ అనగానే ఎవరో తల తిప్పుతారు. ‘హే’ అనేసరికి పక్కవాడూ తిప్పుతాడు. ఆ రెండు కేకల మధ్య దొరికిన సందులో చెప్పాల్సిన మాట చెప్పేయాలి. అలా పుట్టిన ‘హో హే’ 2012లో అమెరికా రేడియోని కమ్మేసింది. వాళ్ల బ్యాండ్ ‘ద లూమినీర్స్’ పేరు ఊరూరా తెలిసింది.

చాలామంది దృష్టిలో ఈ కథ ఇక్కడికే అయిపోయింది. ఒక్క పాటతో వచ్చిన బ్యాండ్, ఆ పాటతోనే పోతుందనుకున్నారు. అలా అనుకోవడంలో తప్పేం లేదు, ఆ రోజుల్లో అలాంటి పాటలతో వచ్చిన బ్యాండ్లలో ఎక్కువ భాగానికి జరిగింది అదే. లూమినీర్స్ మాత్రం 2025 దాకా అయిదు స్టూడియో ఆల్బమ్‌లు చేసి, బార్ల నుంచి బేస్‌బాల్ స్టేడియాలదాకా వెళ్లింది. అయినా తమకు పేరు తెచ్చిన కేకని మళ్లీ అమ్ముకోలేదు. ఎందుకు అమ్ముకోలేదో, అమ్ముకోకుండా ఎలా బతికిందో తెలియాలంటే ఆ కేక వెనక ఉన్న పాట దగ్గరికి వెళ్లాలి. అంతకన్నా ముందు ఆ ఇద్దరి ఊరికి వెళ్లాలి.

ఊరు న్యూజెర్సీలోని రామ్సే. న్యూయార్క్ మహానగరానికి పక్కన ఉన్న చిన్న పట్టణం. షుల్ట్జ్‌కి ప్రాణస్నేహితుడు జాషువా ఫ్రేట్స్. జెరమయా ఆ జాషువాకి తమ్ముడు. 2000ల మొదట్లో, ఇరవై ఏళ్లైనా నిండకుండానే, జాషువా మాదకద్రవ్యాల మోతాదు మించి చనిపోయాడు. మిగిలిన ఇద్దరూ, అంటే స్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాడూ అన్నని పోగొట్టుకున్నవాడూ, కలిసి పాటలు కట్టడం మొదలుపెట్టారు. 2005 నాటికి అది ఒక పద్ధతిలో పడింది. బ్యాండ్ పుట్టుక గురించి చెప్పేటప్పుడు ఈ సంగతిని ఒక విషాద ఘట్టంలా ఒక వాక్యంలో తేల్చేయడం మామూలు. నిజానికి పద్నాలుగేళ్ల తర్వాత వాళ్లు చేసిన ఆల్బమ్ అర్థం కావాలంటే ఈ మరణాన్ని మరిచిపోకూడదు. దాని మాట తర్వాత వస్తుంది.

పేరు సంగతి మాత్రం హాస్యమే. మొదట్లో వాళ్లు పెట్టుకున్న పేర్లలో ఒకటి ‘ఫ్రీ బీర్’. బయట బోర్డు మీద ఉచితంగా బీరు అని కనిపిస్తే ఎవరైనా లోపలికి వస్తారు కదా. ఒకసారి జెర్సీ సిటీలో కార్యక్రమం నిర్వహిస్తున్నాయన పొరపాటున వీళ్లని ‘ద లూమినీర్స్’ అని పరిచయం చేశాడు. అది తర్వాతి వారం అదే సమయానికి పాడాల్సిన ఇంకో బ్యాండ్ పేరు. పొరపాటు బాగుందనిపించి అదే ఉంచేసుకున్నారు. ఆ పేరుతో పళ్లకి అతికించే పింగాణీ తొడుగుల కంపెనీ కూడా ఒకటుంది. ఏ అర్థమూ ఏరికోరి పెట్టుకోని పేరు అచ్చిరావడం అంటే ఇదే.

తర్వాత బ్రూక్లిన్. సంగీతం చేయాలంటే న్యూయార్క్‌లో ఉండాలనే మాట ఎప్పటి నుంచో ఉంది. కానీ ఆ నగరంలో అద్దె కట్టాలంటే రెండు మూడు చిన్న ఉద్యోగాలు చేయాలి. ఉద్యోగాలు చేస్తే సాధనకి సమయం ఉండదు. సాధన లేకపోతే అక్కడికి వచ్చిన పనే జరగదు. 2009లో ఇద్దరూ మూటాముల్లె సర్దుకుని కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌కి మారారు. అక్కడ వాళ్లకోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. అవకాశాలు వెతుక్కుంటూ పెద్ద నగరానికి పోవడం లోకరీతి, వీళ్లు ఖర్చు తగ్గించుకోవడానికి పెద్ద నగరం వదిలారు. కాలం అంటే డబ్బే అయిన వృత్తిలో చౌక అద్దె అంటే అచ్చంగా ఎక్కువ సాధన.

డెన్వర్‌లో క్రెయిగ్స్‌లిస్ట్ అనే ప్రకటనల వెబ్‌సైట్‌లో చెల్లో వాయించేవాళ్లు కావాలని ఒక ప్రకటన ఇచ్చారు. దానికి స్పందించి 2010లో నేలా పెకారెక్ వచ్చి చేరింది. చెల్లో రాకతో బ్యాండ్ ధ్వనిలో వచ్చిన మార్పు చిన్నది కాదు. గిటారు తీగ మీటగానే శబ్దం తగ్గడం మొదలవుతుంది. కమాను లాగే చెల్లో మీద స్వరం ఎంతసేపైనా నిలుస్తుంది. కట్టె మీద కొట్టినట్టుండే గిటారు, డ్రమ్ముల కింద ఒక నిలకడైన గొంతు పరుచుకుంది. పైగా ఆమె గాత్రం కూడా ఇచ్చింది. ముగ్గురూ మెడోలార్క్ అనే నేలమాళిగ బార్‌లో, ఎవరైనా ఎక్కి పాడగల ‘ఓపెన్ మైక్’ రాత్రుల్లో, ఇళ్లలో పెట్టుకునే చిన్న కచేరీల్లో పాడుతూ పోయారు.

ఈ చిన్న గదులే ఈ సంగీతానికి వ్యాకరణం రాశాయి. మైకులు లేకుండా ముప్పై మందికి వినిపించాలంటే ఏం కావాలి? గట్టిగా మోగే గిటారు, కాలితో కొట్టే డ్రమ్, చేతిలో టాంబరిన్, నలుగురు కలిసి అనగలిగే ముక్క. బుర్రకథలో వంతలు ‘తందాన తాన’ అంటూ ఏ పని చేస్తారో ఇక్కడ ‘హో’, ‘హే’ అదే పని చేస్తాయి. కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తాయి, వినేవాళ్ల చెవిని పట్టి ఉంచుతాయి, తర్వాతి మాటకి తాళం చూపిస్తాయి. ఈ సంగీతానికి పెట్టిన ఇండీ ఫోక్-పాప్ అనే మూడు మాటల ముద్దకి ఇంతకన్నా వేరే నిర్వచనం అక్కర్లేదు. వాయిద్యాలూ కథ చెప్పే తీరూ జానపదం. మూడు నిమిషాల్లో ముగించి మళ్లీ పాడుకునేలా చేయడం పాప్. పెద్ద కంపెనీల డబ్బు లేకుండా మొదలుపెట్టడం ఇండీ.

ఇప్పుడు పాట. ‘హో హే’ నిడివి 2 నిమిషాల 43 సెకన్లు. చరణం దాదాపుగా ఒకే కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే గుత్తి) మీద నిలబడి ఉంటుంది, పక్కనే ఉన్న ఇంకో కార్డ్‌ని అలా తాకి వెనక్కి వస్తుంది. నిజమైన కదలిక పల్లవిలో మొదలవుతుంది. గమనించాల్సింది కేకలు ఎక్కడున్నాయన్నది. గుంపు అరుపులున్న పాప్ పాటల్లో సాధారణంగా అరుపు పల్లవిలో వస్తుంది, చరణం గుట్టుగా ఉంటుంది. ఇక్కడ తిరగేశారు. కేకలన్నీ చరణంలో, పాదాల అంచుల్లో ఉన్నాయి. పల్లవి వచ్చేసరికి అవి దాదాపు ఆగిపోతాయి. నేను నీవాణ్ణి, నువ్వు నాదానివి అనే ధోరణిలో ఉన్న ఆ పల్లవిని మెత్తగా, పక్కన కూర్చుని చెబుతున్నట్టు పాడతారు. అంటే కేక జనాన్ని పిలవడానికి, వాళ్లు వచ్చాక గొంతు తగ్గించడానికి. ప్రపంచం కేకని గుర్తుపెట్టుకుంది. బ్యాండ్ మాత్రం గొంతు తగ్గించడాన్ని గుర్తుపెట్టుకుంది. తర్వాతి పదమూడేళ్ల దారి మొత్తం ఈ తేడాలోంచే వచ్చిందని చెప్పొచ్చు.

ఇంకో సంగతి. పైకి ఇది ప్రేమపాటలా వినిపిస్తుంది, పెళ్లిళ్లలో వేసుకున్నారు కూడా. కానీ ఇందులో మాన్‌హాటన్‌లోని కెనాల్, బౌరీ వీధుల కూడలి వస్తుంది, చైనాటౌన్‌కి పోయే బస్సు వస్తుంది. ఒంటరి బతుకు బతుకుతున్నానని మొదట్లోనే చెప్పే మనిషి వస్తాడు. దొరకని అమ్మాయి ఎంత ఉందో, దొరకని నగరం అంతే ఉంది ఆ పాటలో. న్యూయార్క్ తమని పట్టించుకోలేదన్న అలకని అందరూ చప్పట్లు కొట్టి పాడే పాటగా మార్చారు.

పాట బయటికి వచ్చిన తీరు కూడా ఆ కాలానికే చెల్లింది. 2011 డిసెంబరులో ‘హార్ట్ ఆఫ్ డిక్సీ’ అనే టీవీ సీరియల్‌లో ఒక దృశ్యానికి ఈ పాట వాడారు. అప్పటికి ఆల్బమే లేదు. సీరియళ్లకి, ప్రకటనలకి పాటని లైసెన్సు మీద ఇచ్చే ఈ పద్ధతిని ఆ రంగంలో ‘సింక్’ అంటారు. పేరున్న పాటకి ధర ఎక్కువ కాబట్టి, టీవీ నిర్మాతలు పేరులేని మంచి పాటల కోసం వెతుకుతుంటారు. రేడియో తలుపు తెరవని బ్యాండ్లకి ఇదొక దొడ్డిదారి. తర్వాత 2012 ఏప్రిల్ 3న, బ్యాండ్ పేరుతోనే మొదటి ఆల్బమ్ వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని బేర్ క్రీక్ స్టూడియోలో రయన్ హాడ్‌లాక్ నిర్మాణంలో రికార్డు చేసిన ఆ ఆల్బమ్‌ని నాష్‌విల్‌కి చెందిన చిన్న సంగీత కంపెనీ డ్యుయల్‌టోన్ విడుదల చేసింది.

అమెరికా రేడియోలో ఒక మెట్లవరుస ఉంది. కాస్త వయసొచ్చిన శ్రోతలకు కొత్త పాటలు వినిపించే ‘అడల్ట్ ఆల్టర్నేటివ్’ స్టేషన్లు ముందు పట్టుకుంటాయి. అక్కడ నిలదొక్కుకుంటే ‘ఆల్టర్నేటివ్’ స్టేషన్లు, ఆ పైన అందరూ వినే పాప్ స్టేషన్లు. ‘హో హే’ ఈ మెట్లన్నీ ఒక్కొక్కటే ఎక్కి చివరికి అమెరికా పాటల ర్యాంకుల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 3వ స్థానానికి చేరింది. ఆల్బమ్ 2వ స్థానం దాకా వెళ్లింది. నెట్‌లో పాటలు వినిపించే స్పాటిఫై అమెరికాలో అడుగుపెట్టింది 2011 జులైలోనే అన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. కొని వినే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు, అద్దెకి వినే అలవాటు అప్పుడే మొదలైంది. రెండు వైపుల నుంచీ లాభం తీసుకోగలిగిన కొద్దిపాటి వ్యవధి అది. 2013 గ్రామీల్లో రెండు నామినేషన్లు వచ్చాయి, ఉత్తమ నూతన కళాకారులు, ఉత్తమ అమెరికానా (అమెరికా జానపద మూలాలున్న సంగీతం) ఆల్బమ్. రెండూ దక్కలేదు. మొదటిది ‘ఫన్’ బ్యాండ్‌కి, రెండోది బానీ రైట్‌కి వెళ్లాయి.

అదే రాత్రి ఏడాది ఉత్తమ ఆల్బమ్ బహుమతి ఇంగ్లండ్ బ్యాండ్ మమ్‌ఫర్డ్ అండ్ సన్స్ చేసిన ‘బేబెల్’కి దక్కింది. బాంజోలు (గుండ్రటి డప్పులాంటి ఒళ్లున్న తీగవాద్యాలు), నడుం దాకా బొత్తాములు పెట్టిన వెయిస్ట్‌కోట్లు, కాళ్లతో తాళం వేసే గుంపు గానం అప్పుడు శిఖరం మీద ఉన్నాయి. ఐస్‌లాండ్ నుంచి ‘ఆఫ్ మాన్‌స్టర్స్ అండ్ మెన్’ అప్పటికే ‘లిటిల్ టాక్స్’ అనే పాటతో అట్లాంటిక్ దాటి వచ్చింది. ఒక్కసారిగా మార్కెట్‌లో ఈ సరుకు పోటెత్తింది. బీమా కంపెనీ ప్రకటన కావచ్చు, కార్ల ప్రకటన కావచ్చు, వెనక ఎవరో చప్పట్లు కొడుతూ ‘హే’ అంటూనే ఉన్నారు. నిజాయితీకి గుర్తుగా మొదలైన ధ్వని నిజాయితీని అమ్మే ధ్వనిగా మారడానికి రెండేళ్లు కూడా పట్టలేదు. తర్వాత తర్వాత ఈ రకం పాటలన్నిటినీ కలిపి ‘స్టాంప్, క్లాప్, హే’ అని వెక్కిరించడం మొదలైంది. వెక్కిరింత మరీ అన్యాయమైంది కూడా కాదు. అందులో చాలా పాటలు ఒకే అచ్చులోంచి తీసినట్టే ఉండేవి.

ఇలాంటప్పుడు బ్యాండ్ల ముందు ఉండే దారులు రెండు మూడే. మమ్‌ఫర్డ్ అండ్ సన్స్ 2015లో వచ్చిన ‘వైల్డర్ మైండ్’లో బాంజోని అటకెక్కించి ఎలక్ట్రిక్ గిటార్లు పట్టుకుంది. ఐస్‌లాండ్ బ్యాండ్ అదే ఏడాది రెండో ఆల్బమ్‌లో ఉత్సాహం తగ్గించి చీకటి పెంచింది, 2019 నాటికి సింథసైజర్ల వైపు జరిగింది. రెండూ గౌరవించదగ్గ నిర్ణయాలే. లూమినీర్స్ చేసింది ఇంకా అమాయకంగా కనిపించే పని. వాయిద్యాలు మార్చలేదు, నాలుగేళ్లపాటు కొత్త ఆల్బమ్ ఇవ్వలేదు, ఇచ్చినప్పుడు అందులోంచి కేక తీసేసింది.

నాలుగేళ్లు అంటే పాప్ లెక్కలో ఒక తరం. కానీ ఆ నాలుగేళ్లలో ఎక్కువ కాలం వాళ్లు రోడ్డు మీదే ఉన్నారు, రాత్రి తర్వాత రాత్రి అవే పాటలు పాడుతూ. అంత పెద్ద పాట ఉన్న బ్యాండ్‌కి పాడాల్సిన ఊళ్లు తరగవు. జనం ‘హో హే’ని ఫోన్లలో రికార్డు చేసుకోవడంలో మునిగిపోతుంటే, పాట మధ్యలో ఆపి ఫోన్లు పక్కన పెట్టమని షుల్ట్జ్ అడిగేవాడు. గోల చేస్తున్న బార్‌ని తన వైపు తిప్పుకోవడానికి పుట్టిన పాటకి, వేలమంది తననే చూస్తున్న హాలులో మళ్లీ అదే ఇబ్బంది ఎదురైందన్నమాట, కాకపోతే ఈసారి గోల నిశ్శబ్దంగా ఉంది.

2016 ఏప్రిల్ 8న వచ్చిన ‘క్లియోపాత్ర’ అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానంలోకి వెళ్లింది. నిర్మాత మారాడు. ఒకప్పుడు ఫెలీస్ బ్రదర్స్ బ్యాండ్‌లో ఉన్న, స్వయంగా పాటలూ నవలలూ రాసే సిమోన్ ఫెలీస్ వచ్చాడు. కవరు మీద మూగ సినిమాల కాలపు నటి థీడా బారా క్లియోపాత్ర వేషంలో ఉంటుంది. కానీ పాటలోని క్లియోపాత్ర ఈజిప్టు రాణి కాదు. జార్జియా దేశంలో షుల్ట్జ్‌కి పరిచయమైన ఒక టాక్సీ డ్రైవరు ఆ పాటకి మూలం. వయసులో ఉన్నప్పుడు ఆమెని ఒకతను పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు. అప్పుడే తండ్రి పోయిన దుఃఖంలో ఉన్న ఆమె జవాబు చెప్పలేకపోయింది. కాదన్నట్టే అనుకుని అతను వెళ్లిపోయాడు. నేల మీద అతని బురద అడుగుల గుర్తులు పడ్డాయి, ఆమె వాటిని తుడవలేదు.

ఈ పాట దగ్గర షుల్ట్జ్ రాతలో వచ్చిన మార్పు తేటగా తెలుస్తుంది. మొదటి ఆల్బమ్‌లో ‘నేను’ అంటే చాలావరకు అతనే, బ్రూక్లిన్‌లో దిక్కుతోచని కుర్రవాడు. ఇక్కడ ‘నేను’ అంటున్నది వేరే దేశంలో, వేరే వయసులో ఉన్న ఒక స్త్రీ. ఆమె ఏడవదు, జాలి అడగదు. తను ప్రేమకి ఆలస్యమయ్యానన్న సంగతిని జోకులా చెప్పుకుంటూ పోతుంది. వెనక డ్రమ్ములు ఉల్లాసంగా నడుస్తుంటాయి. బాధాకరమైన మాటని హుషారైన తాళం మీద పెట్టడం జానపదానికి పాత విద్య. కేకలు తీసేయడంతో ఆ విద్య ఇప్పుడు పైకి తేలింది. అదే ఆల్బమ్‌లో ‘గన్ సాంగ్’ ఉంది. చనిపోయిన తండ్రి మేజోళ్ల సొరుగులో షుల్ట్జ్‌కి ఒక పిస్తోలు కనబడింది. మృదుస్వభావి అనుకున్న తండ్రికి అది ఎందుకు, ఎప్పటిది? పాట జవాబు చెప్పదు. చెప్పకపోవడమే ఆ పాట బలం.

ఇక ‘ఒఫీలియా’. రెండో హిట్ అని చెప్పాల్సింది దీన్నే, రేడియోలో ‘హో హే’ తర్వాత అంత గట్టిగా నిలిచిన పాట. పియానో మీద మొండిగా తిరిగే ముక్క, పాదం నేలకేసి కొట్టే చప్పుడు, గుంపు గానం కొంచెం. ఒఫీలియా అంటే కీర్తితో ప్రేమలో పడటానికి పెట్టిన పేరని షుల్ట్జ్ చెప్పాడు. ఒక్క పాటతో వచ్చిన పేరు మీద కట్టిన పాటే ఆ పేరుని నిలబెట్టింది. ఆల్బమ్ చివర్లో మాటలే లేని చిన్న పియానో ముక్క ఉంది, దాని పేరు ‘పేషెన్స్’, అంటే ఓర్పు. కేకతో వచ్చిన బ్యాండ్ రెండో ఆల్బమ్‌ని మాట కూడా లేకుండా ముగించింది.

2017లో యూటూ బ్యాండ్ తమ ‘జాషువా ట్రీ’ ఆల్బమ్‌కి ముప్పయ్యేళ్లు నిండినందుకు చేసిన యాత్రలో అమెరికా స్టేడియాల్లో ముందు పాడే అవకాశం లూమినీర్స్‌కి దక్కింది. మరుసటి ఏడాది, 2018లో, నేలా పెకారెక్ బ్యాండ్ వదిలింది. కొలరాడో చరిత్రలో ‘రాటిల్‌స్నేక్ కేట్’గా పేరుపడ్డ స్త్రీ కథతో 2019లో సొంత ఆల్బమ్ తెచ్చింది. ఎనిమిదేళ్లు ఫొటోల్లో ముగ్గురిగా కనిపించిన బ్యాండ్‌కి ఇది దెబ్బే. కానీ పాటలు కట్టే ఇద్దరూ అలాగే ఉన్నారు. ఈ బ్యాండ్ ఆకారాన్ని ఇప్పుడు చూస్తే, అది మొదటి నుంచీ ఇద్దరి బ్యాండే అనిపిస్తుంది. మిగతావాళ్లు, వాళ్లెంత ప్రతిభావంతులైనా, ఆ ఇద్దరి పాటకి వచ్చిన అతిథులు. చెల్లో వెళ్లాక ఆ స్థలంలోకి ఇంకో చెల్లో రాకుండా పియానో ఎక్కువగా రావడం గమనించదగ్గది. ఫ్రేట్స్ డ్రమ్ముల మనిషే కాక పియానో మనిషి కూడా. 2021లో అతను చేసిన సొంత ఆల్బమ్ పేరే ‘పియానో పియానో’.

2019 సెప్టెంబరు 13న వచ్చిన మూడో ఆల్బమ్ పేరు ‘త్రీ’, రోమన్ అంకెల్లో. బ్యాండ్ చేసిన పనుల్లో ఇది అన్నిటికన్నా బరువైనది. స్పార్క్స్ అనే కల్పిత కుటుంబంలో మూడు తరాలు: గ్లోరియా, జిమ్మీ, జూనియర్. ఒక్కొక్కరికి ఒక్కో అధ్యాయం. పాటలన్నిటికీ కెవిన్ ఫిలిప్స్ దర్శకత్వంలో లఘుచిత్రాలు తీసి టొరంటో చిత్రోత్సవంలో ప్రదర్శించారు. కథాంశం వ్యసనం. అయితే వ్యసనపరుడి గురించి అనడం కన్నా, అతని పక్కన బతికేవాళ్ల గురించి అనడం సరైనది. తన కుటుంబంలోనే ఒకరు తాగుడులో మునిగిపోవడం, ఎంత ప్రేమ పెట్టినా ఎంత ఖర్చు చేసినా ఆ మనిషిని బయటికి లాగలేకపోవడం షుల్ట్జ్ చూశాడు, ‘గ్లోరియా’ అందులోంచే వచ్చింది. ఫ్రేట్స్ సంగతి ముందే తెలుసు. అన్న చనిపోయాక మొదలైన బ్యాండ్, ఆ చావుకి కారణమైనదాన్ని సూటిగా చూడటానికి ఇన్నేళ్లు తీసుకుంది.

‘గ్లోరియా’ వింటే ముందు కాళ్లు కదులుతాయి. గిటారు దౌడు తీస్తుంటుంది. రెండోసారి వింటే అది తల్లి తాగుడుతో విసిగిపోయిన ఇంటివాళ్ల గొంతని తెలుస్తుంది. ‘జిమ్మీ స్పార్క్స్’ ఇంకా కటువైన పాట. జూదం, అప్పు, రాత్రివేళ రోడ్డు పక్కన సాయం కోసం చెయ్యెత్తే మనిషి. తండ్రి కొడుక్కి నేర్పిన పాఠం తిరిగి తండ్రికే తగలడం. కథని ఇక్కడ విప్పేయడం బాగోదు. మూడు తరాలని పెట్టుకోవడం వల్ల దక్కిన లాభం ఏమిటంటే, ఎవరి మీదా తీర్పు చెప్పాల్సిన పని లేదు. గ్లోరియా ఒక పాటలో తప్పు చేసిన మనిషి, ఇంకో పాటలో ఆ తప్పుకి మూలం ఎక్కడుందో వెతికే మనిషికి నానమ్మ.

అన్నీ పొగడాల్సినవే కావు. షుల్ట్జ్ బాణీలు ఒకే రకమైన ఎక్కుడు దిగుడుల్లో తిరుగుతాయి. ‘క్లియోపాత్ర’, ‘ఒఫీలియా’, ‘గ్లోరియా’, ‘డోనా’, ‘ఏంజెలా’ అంటూ ఆడవాళ్ల పేర్లు పెట్టుకునే అలవాటు ఒక దశ దాటాక ముద్రగానూ, ఇంకా దాటాక ఊతపదంగానూ మారింది. పల్లవి దగ్గరికొచ్చేసరికి గొంతు చీల్చి పాడటం, వెంటనే మెత్తబడటం కూడా ముందే ఊహించగలిగేదిగా తయారైంది. తక్కువ సరంజామాతో పనిచేసేవాళ్లకి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ధ్వని మారకపోతే కథ మారాలి, కథ మారకపోతే మిగిలేది అలవాటే.

2022 జనవరి 14న వచ్చిన ‘బ్రైట్‌సైడ్’ ఈ కోణంలో కొంచెం తేలిక. తొమ్మిది పాటలు, అరగంట చిల్లర, దాదాపు అన్ని వాయిద్యాలూ ఆ ఇద్దరే వాయించుకున్నారు. కరోనా కాలంలో రికార్డు చేసిన ఆల్బమ్ కావడం వల్ల అలా కుదిరింది. బరువైన మూడో ఆల్బమ్ తర్వాత ఊపిరి తీసుకున్నట్టుంది తప్ప, పెద్దగా ఎక్కడికీ తీసుకెళ్లదు. ఆ ఏడాదే షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ స్టేడియంలో పాడారు. ఆ కచేరీ తర్వాత లైవ్ ఆల్బమ్‌గా వచ్చింది.

ఈలోగా గాలి మళ్లీ ఇటు తిరిగింది. కట్టె గిటార్లూ, పాడుతూ పాడుతూ పగిలే గొంతులూ, సొంతూరి కథలూ కొత్త తరం చేతుల్లోకి వచ్చాయి. 2023లో అమెరికా గాయకుడు జాక్ బ్రయన్ తన ఆల్బమ్‌లో ‘స్పాట్‌లెస్’ పాటకి లూమినీర్స్‌ని పిలిచాడు. 2024లో ఇంగ్లండ్ గాయకుడు జేమ్స్ బే చేసిన ‘అప్ ఆల్ నైట్’లో ఇంకో అమెరికా గాయకుడు నోవా కహన్ పక్కన మళ్లీ వీళ్లే. ‘హో హే’ వచ్చినప్పుడు బ్రయన్, కహన్ ఇద్దరూ పదిహేను పదహారేళ్ల కుర్రాళ్లు. 2012 నాటి ఫ్యాషన్‌ని వెక్కిరించినవాళ్లు ఉన్నారు, అదే ఫ్యాషన్‌ని వింటూ పెరిగినవాళ్లూ ఉన్నారు. ఈ రెండో రకంవాళ్లు పిలిచినప్పుడు పోవడానికి బ్యాండ్ ఇంకా బతికి ఉండటమన్నది గాలివాటం కాదు. వాయిద్యాలని అటకెక్కించి ఉంటే వాళ్లకి ఆ పిలుపు వచ్చేది కాదేమో.

2025 ఫిబ్రవరి 14న వచ్చిన అయిదో ఆల్బమ్ ‘ఆటోమేటిక్’లో పాటలని వుడ్‌స్టాక్‌లోని స్టూడియోలో, నెల తిరక్కుండా, గదిలో కలిసి వాయించుకుంటూ రికార్డు చేశారు. అసలేది, నకలేది అన్న సందేహం, యాంత్రికంగా గడిచిపోయే రోజులు, ఇరవై ఏళ్లు ఒకే మనిషితో పనిచేయడంలోని చిరాకులు ఇందులో ఉన్నాయి. అందులో మొదటి పాట పేరు ‘సేమ్ ఓల్డ్ సాంగ్’. మళ్లీ అదే పాతపాట అని విమర్శకులు అనేలోపే ఆ మాట తామే అనేశారు, నవ్వుతూ.